గంటకో ఘనపు మీటరు, ఏడాదికో పౌండు: బ్రిటన్ పాత ఇళ్లలో చలిగాలి లెక్క

బ్రిటన్‌లో పాత ఇల్లు అద్దెకు తీసుకున్న తెలుగువాళ్లకు మొదటి చలికాలంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. థర్మోస్టాట్ 21 చూపిస్తుంటుంది. రేడియేటర్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అయినా సోఫాలో కూర్చుంటే పాదాలు గడ్డకట్టుకుపోతాయి. దాంతో థర్మోస్టాట్‌ని 23కి తిప్పుతారు. నెలాఖరున బిల్లు చూసి 18కి దించి, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని ఇంట్లో తిరుగుతారు. ఈ రెండిటి మధ్య ఊగేముందు చూసుకోవాల్సింది ఒకటుంది: డబ్బు పోసి వేడిచేసిన గాలి ఇంట్లో ఎంతసేపు నిలుస్తోంది?

ఈస్ట్ హామ్, రెడింగ్, లెస్టర్ లాంటి చోట్ల మనవాళ్లు ఉండే టెర్రస్ ఇళ్లలో, అంటే గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన ఇళ్లలో, చాలావాటి వయసు వందేళ్లు దాటింది. ఇంగ్లండ్ మొత్తం మీద చూసినా దాదాపు ఐదిళ్లలో ఒకటి 1919కి ముందు కట్టిందే. అప్పటి మేస్త్రీలకు పని రాక ఈ ఇళ్లు గాలి కారుతున్నాయనుకుంటే పొరపాటు. అప్పట్లో గదికో బొగ్గు పొయ్యి, పొయ్యికో చిమ్నీ ఉండేవి. పొయ్యి మండాలంటే గాలి కావాలి, పొగ పైకి పోవాలంటే ఇంకా ఎక్కువ గాలి కావాలి. ఇల్లు బిగుతుగా ఉంటే పొగ గదిలోకే వెనక్కి కొట్టేది. అందుకే తలుపుల కింద, ఫ్లోర్ చెక్కల మధ్య, కిటికీల అంచుల్లో దూరే గాలిని ఎవరూ తప్పుగా చూడలేదు. పైగా బొగ్గు నిప్పు ఎదురుగా కూర్చున్న మనిషిని నేరుగా కాస్తుంది, గదిలో గాలి చల్లగా ఉన్నా ఒళ్లు వెచ్చబడుతుంది.

1952లో లండన్‌ను కమ్మేసిన పొగమంచు, దాని వెంట వచ్చిన 1956 క్లీన్ ఎయిర్ చట్టం, ఆ తర్వాత నార్త్ సీ గ్యాస్ కలిసి బొగ్గు పొయ్యిలను ఆర్పేశాయి. వాటి చోటికి రేడియేటర్లు వచ్చాయి. పేరుకి రేడియేటరే గానీ అది చేసే పనిలో ఎక్కువ భాగం గదిలో గాలిని వేడిచేయడమే. అంటే వేడి దాచుకునే చోటు మారింది, ఇల్లు మాత్రం మారలేదు. ఒకప్పుడు పొయ్యికి ఊపిరి పోసిన సందులే ఇప్పుడు మనం కొనుక్కున్న వేడిని బయటికి మోసుకుపోతున్నాయి.

చలి కాళ్ల దగ్గర, కంత నెత్తిన

వేడిగాలి తేలిక, పైకి లేస్తుంది. పై అంతస్తుకి చేరి, అక్కడ దొరికిన సందులోంచి బయటపడుతుంది. అటక మీదికి వెళ్లే మూత చుట్టూ ఉన్న ఖాళీ, సీలింగ్‌లో బిగించిన లైట్ల కంతలు, బాత్రూమ్ పైపు పైకి పోయే చోటు దానికి దారులు. అలా పోయిన గాలి స్థానంలోకి అంతే గాలి కింద నుంచి రావాలి. ఫ్లోర్ చెక్కల మధ్య నుంచి, ముందు తలుపు కింద నుంచి, ఉత్తరాలు వేసే లెటర్‌బాక్స్ రేకు సందులోంచి వస్తుంది. ఇల్లంతా కలిసి నెమ్మదిగా ఒక పెద్ద చిమ్నీలా పనిచేస్తుందన్నమాట. బయట ఎంత చల్లగా ఉంటే ఈ లాగుడు అంత గట్టిగా ఉంటుంది. గాలివాన ఉన్న రోజు దీనికి గాలి ఒత్తిడి కూడా తోడై, ఒక గోడ వైపు నుంచి నెట్టి రెండో గోడ వైపు నుంచి పీల్చేస్తుంది.

జనం ఎక్కువగా పొరపడేది ఇక్కడే. లోపలికొచ్చే చలిగాలి ఒంటికి తగులుతుంది, బయటికి పోయే వేడిగాలి తగలదు. అందుకే అందరూ ముందు తలుపు కింద తువ్వాలు కుక్కుతారు, అటక మూత వంక ఎవరూ చూడరు. పైన దారి తెరిచి ఉన్నంతకాలం కింద ఒక సందు మూసినా గాలి ఇంకో సందు వెతుక్కుంటుంది. మూతకు చుట్టూ రబ్బరు స్ట్రిప్ అంటించి, అది గట్టిగా అదిమిపట్టేలా రెండు కొక్కేలు పెట్టడం అరగంట పని. దానివల్ల కింద హాల్లో చలి తగ్గుతుందంటే నమ్మబుద్ధి కాదు గానీ తగ్గుతుంది.

సందులు పట్టుకోవడానికి మన ఇళ్లలో ఎలాగూ ఉండే అగరుబత్తి చాలు. బయట బాగా గాలి వీచే రోజున కిటికీలన్నీ మూసి, వంటింట్లో, బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేయండి. ఇంట్లో కట్టె పొయ్యి గానీ, గది గాలినే వాడుకునే పాతకాలపు గ్యాస్ ఫైర్ గానీ వెలుగుతుంటే మాత్రం ఇలా చేయొద్దు, దాని పొగ గదిలోకి రావచ్చు. ఫ్యాన్లు గాలిని బయటికి లాగుతుంటే ప్రతి సందులోంచీ చలిగాలి జోరుగా లోపలికొస్తుంది. వెలిగించిన బత్తిని గోడకీ నేలకీ మధ్య ఉండే చెక్కపట్టీ వెంట, తలుపు ఫ్రేమ్ చుట్టూ, సింక్ కింద పైపులు గోడలోకి దూరే చోట నెమ్మదిగా తిప్పితే పొగ చెదిరిన చోటల్లా కంత ఉన్నట్టే. పరదాలకు దూరంగా తిప్పండి, స్మోక్ అలారం మోగితే కంగారు పడకండి.

కిటికీ దగ్గర మాత్రం పొగను కాస్త జాగ్రత్తగా గమనించాలి. అంచు నుంచి పొగ అడ్డంగా చెదిరితే అది సందు. అద్దం ముందు పొగ నిదానంగా కిందికి జారుతుంటే అక్కడ సందేమీ లేదు. చల్లటి అద్దాన్ని తాకిన గది గాలే చల్లబడి, బరువెక్కి, మీ కాళ్ల మీదికి దిగుతోంది. దీనికి ఎన్ని స్ట్రిప్పులు అంటించినా లాభం లేదు. దళసరి పరదా కావాలి, లేదా అద్దానికి లోపలివైపు ఇంకో పొర కావాలి. ఒంటి పొర అద్దమున్న పాత శాష్ కిటికీ మీద, అంటే పైకీ కిందికీ జరిపే కిటికీ మీద పాత కట్టడాల సంరక్షణ చూసే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చేయించిన పరీక్షల్లో బరువైన పరదా వేస్తేనే అద్దం గుండా పోయే వేడి 40 శాతం దాకా తగ్గింది. అదే కిటికీకి బ్రష్ స్ట్రిప్పులు బిగిస్తే సందుల్లోంచి దూరే గాలి 86 శాతం దాకా తగ్గింది. కిటికీలు మార్చాలంటూ వేల పౌండ్ల కొటేషన్ చేతికొచ్చినప్పుడు ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోదగ్గవి. పాత రూపు చెడకుండా చట్టం కాపాడే కన్జర్వేషన్ ఏరియాల్లో, లిస్టెడ్ భవనాల్లో అసలు కిటికీలు మార్చనివ్వకపోవచ్చు కూడా.

ఏ సందుకి ఎంత?

ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 0.33 వాట్-అవర్ల శక్తి కావాలి. చూడ్డానికి ఇది ఏమీ కాదు. 80 చదరపు మీటర్ల రెండు బెడ్‌రూమ్‌ల టెర్రస్ ఇంట్లో గాలి మొత్తం 200 ఘనపు మీటర్లు ఉంటుంది. ఆ గాలంతా గంటకోసారి మారిపోతోందనుకుందాం. బయటికీ లోపలికీ 15 డిగ్రీల తేడా ఉన్న రోజున ఆ ఒక్క కారణానికే సుమారు 1 కిలోవాట్ వేడి నిరంతరం పోతుంది. మన లెక్కలో చెప్పాలంటే రోజుకి 24 యూనిట్లు.

దీన్ని చలికాలమంతటికీ విస్తరిస్తే వాడుకోవడానికి వీలైన ఒక కొండగుర్తు దొరుకుతుంది. బ్రిటన్ చలిని ఏడాదికి సుమారు 2,000 డిగ్రీ-రోజులుగా (ఏ రోజుకి ఎన్ని డిగ్రీలు వేడిచేయాలో ఏడాదంతా కూడితే వచ్చే మొత్తం) లెక్కేసి, బాయిలర్ దగ్గర పోయే వృథాను కలిపి, గ్యాస్ యూనిట్ ధర 6 పెన్సుల చుట్టూ ఉందనుకుంటే, గంటకు ఒక ఘనపు మీటరు గాలి కారితే ఏడాదికి దాదాపు ఒక పౌండు ఖర్చు. రోజులో కొన్ని గంటలే హీటింగ్ వేసేవాళ్లకు కొంచెం తక్కువ, చిన్నపిల్లలుండి రోజంతా వేసేవాళ్లకు కొంచెం ఎక్కువ.

ఇల్లు శక్తిని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే ఈపీసీ రేటింగ్ వెనక శాప్ అనే ప్రభుత్వ లెక్కింపు పద్ధతి ఉంది. ఏ లోపానికి ఎంత గాలి కారుతుందో అందులో అంచనాలుంటాయి. మీ ఇంటిని కొలిచి చెప్పినవి కావు, ఒక మోస్తరు ఇంటికి వేసినవి. అయినా వరుస తేల్చుకోవడానికి చాలు. మూయకుండా వదిలేసిన చిమ్నీ ఒక్కదానికే గంటకు 80 ఘనపు మీటర్లు వేస్తారు. పైన చెప్పిన 200 ఘనపు మీటర్ల ఇంట్లో కిటికీలు, తలుపులు అన్నిటికీ ఏ స్ట్రిప్పూ లేని స్థితి నుంచి పూర్తిగా బిగించిన స్థితికి తెస్తే తగ్గేది గంటకు 40. చెక్కపలకల ఫ్లోర్ సందులు పూడిస్తే తగ్గేది 20.

అంటే ఇంట్లోని కిటికీలూ తలుపులూ అన్నీ కలిసినదానికి ఒక్క చిమ్నీ రెట్టింపు. హాల్లో అందం కోసం ఉంచుకున్న ఫైర్‌ప్లేస్, దాని మీద ఫొటో ఫ్రేములు, పక్కన వినాయకుడి బొమ్మ ఉంటాయి. వెనక మాత్రం ఆకాశానికి తెరిచిన గొట్టం ఏడాదికి 80 పౌండ్ల వేడిని పీల్చుకుంటోంది. ఎవరైనా ఒక్క పనే చేస్తామంటే నేను చెప్పేది దీని గురించే.

చిమ్నీ మూయడానికి సిమెంటు అక్కర్లేదు. గొట్టం లోపల ఊది నింపే చిమ్నీ బెలూన్ దొరుకుతుంది. గొర్రె ఉన్నితో చేసిన దళసరి దిమ్మె దొరుకుతుంది, గొట్టం కొలత చూసుకుని పైకి నెట్టడమే. ఏది పెట్టినా గాలి పిసరంత ఆడేలా వదలాలి, పూర్తిగా బిగించేస్తే వాన తేమ గొట్టంలో నిలిచి గోడ చెమ్మెక్కుతుంది. లోపల ఏదో పెట్టామని తెలిసేలా ఒక చీటీ కట్టి కిందికి వేలాడదీయడం మర్చిపోకూడదు. రేపు ఇల్లు మారాక వచ్చేవాళ్లు ఏమీ తెలియక నిప్పు వెలిగిస్తే పొగ గదినిండా కమ్ముతుంది.

ఫ్లోర్ సంగతికొస్తే, పాత ఇళ్లలో కింది అంతస్తు చెక్కపలకల అడుగున ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోకి గాలి పోవడానికి బయటి గోడలో నేలకి దగ్గరగా కంతలున్న ఇటుకలు పెడతారు, ఎయిర్‌బ్రిక్ అంటారు. చలి వాటిలోంచే వస్తోందని కనిపెట్టి కొందరు బయట నుంచి మట్టితోనో ఫోమ్‌తోనో పూడ్చేస్తారు. ఫ్లోర్ కింద తేమ నిలిచిపోయి కొన్నేళ్లలో దూలాలు పుచ్చిపోతాయి. మూయాల్సింది పైనే. గోడకి ఆనుకున్న చెక్కపట్టీ కింద సాగే గుణమున్న కాక్ అనే పూడ్చే పేస్టు, పలకల మధ్య సందుల్లో వాటికోసమే దొరికే పట్టీలు వాడాలి. చెక్క చలికీ వేడికీ కదులుతుంది కాబట్టి గట్టిగా ఆరిపోయే ఫిల్లర్ ఏడాదికే పగుళ్లిస్తుంది. సందులు పూడ్చి పైన మంచి అండర్‌లే, కార్పెట్ వేస్తే పాదాల చలి అక్కడితో పోతుంది.

తలుపులు, కిటికీల స్ట్రిప్పుల్లో రకాలు చాలా ఉన్నాయి గానీ సంగతి చిన్నదే. తెరిచి మూసే కిటికీకి అదిమితే నలిగే ఫోమ్ లేదా రబ్బరు, జరిపే కిటికీకి, తలుపు అడుగుకి బ్రష్. ఫోమ్ అన్నిటికన్నా చౌక, కానీ ఒకట్రెండేళ్లలో చప్పబడిపోతుంది. రబ్బరుది కొంచెం ఎక్కువ ధర, ఎక్కువ కాలం వస్తుంది. మందం తప్పితేనే గొడవ: పలచనైతే గాలి ఆగదు, దళసరైతే కిటికీ మూతపడదు, గట్టిగా లాగితే గడియ విరుగుతుంది. సందు కొలవడానికి చిన్న చపాతీ పిండి ముద్దని పలచటి ప్లాస్టిక్‌లో చుట్టి, ఫ్రేమ్‌లో పెట్టి కిటికీ మూసి తీయండి. నలిగిన ముద్ద మందం ఎంతో సందు అంతే. లెటర్‌బాక్స్‌కి లోపలివైపు బ్రష్, తాళం కంతకి జరిగే మూత పది పౌండ్లలోపే వస్తాయి.

ఇక ఎవరికీ కనబడని కంతలు వంటింటి కప్‌బోర్డుల వెనక, స్నానాల తొట్టి పక్క పలక వెనక ఉంటాయి. ఒక అంగుళం పైపు కోసం మూడంగుళాల కంత కొట్టి ప్లంబర్ వెళ్లిపోయి ఉంటాడు. బాయిలర్ పొగగొట్టం చుట్టూ మాత్రం సొంతంగా ఏదీ నింపొద్దు, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీర్ చేత చేయించాలి.

మూయకూడనివి

ఇల్లంతా సీసాలా బిగించేయాలన్న ఉత్సాహం వస్తే అక్కడే ఆగాలి. కట్టె పొయ్యి గానీ, గది గాలి వాడుకునే గ్యాస్ ఫైర్ గానీ ఉన్న గదిలో గోడకి శాశ్వతంగా ఒక వెంట్ పెట్టి ఉంటుంది. చలి వేస్తోందని దానికి టేప్ అంటిస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలో పేరుకుంటుంది. ఆ వాయువుకి వాసన లేదు, రంగు లేదు. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి, గ్యాస్ బాయిలర్ లాంటి ఇంధనం మండించే పరికరం బిగించి ఉన్న గదిలో ఇల్లు అద్దెకిచ్చే ఓనర్ ఈ వాయువుని పసిగట్టే అలారం పెట్టి తీరాలి. వంట స్టవ్‌కి ఈ నిబంధన వర్తించదు. మీ ఇంట్లో అలారం లేకపోతే సందులు మూసే పనికన్నా ముందు దాని సంగతి అడగండి.

రెండోది తేమ. వంట, స్నానాలు, ఉతికిన బట్టలు, మన ఊపిరి కలిసి నలుగురున్న ఇంట్లో రోజుకి సుమారు 10 లీటర్ల నీరు ఆవిరవుతుంది. పొద్దున్నే ఇడ్లీ పాత్ర, మధ్యాహ్నం కుక్కర్, సాయంత్రం రేడియేటర్ల మీద ఆరేసిన జీన్స్ ఉన్న ఇంట్లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఇన్నాళ్లూ ఈ తేమను ఆ దిక్కుమాలిన సందులే బయటికి పంపుతున్నాయి. వాటిని మూశాక తేమ ఎక్కడికి పోవాలి? 20 డిగ్రీల గదిలో తేమ 60 శాతం ఉంటే, 12 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ గోడ మూల మీదైనా నీరు పడుతుంది. బీరువా వెనక బయటి గోడ జనవరిలో అలాగే ఉంటుంది. కొన్ని వారాల్లో నల్లటి బూజు మొదలవుతుంది. బూజుని తేలిగ్గా తీసుకోకూడదు. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు ఫ్లాట్‌లో పట్టిన బూజు వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయాడని కరోనర్ విచారణలో తేలింది. అతని పేరు మీదే వచ్చిన అవాబ్ చట్టం ప్రకారం 2025 అక్టోబరు నుంచి సోషల్ హౌసింగ్ ఓనర్లు, అంటే తక్కువ అద్దెకి ఇళ్లిచ్చే కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు, ప్రమాదకరమైన చెమ్మ, బూజు ఫిర్యాదుల మీద గడువులోగా చర్య తీసుకోవాలి.

కాబట్టి అడగకుండా వచ్చే గాలిని ఆపాలి, అడిగి తెచ్చుకునే గాలిని ఉంచాలి. కిటికీ ఫ్రేమ్ పైన సన్నగా ఉండే ట్రికిల్ వెంట్లు మూయొద్దు. వంట చేస్తున్నంతసేపూ, తర్వాత పావుగంటా ఫ్యాన్ ఆడాలి, అది పొగను బయటికి పంపేదై ఉండాలి. ఫిల్టర్ గుండా తిప్పి మళ్లీ వంటింట్లోకే వదిలేది పోపు వాసనకి కొంత పనికొస్తుంది గానీ తేమకి పనికిరాదు. పది పౌండ్లు పెట్టి తేమ చూపించే చిన్న మీటర్ కొనుక్కుని, అంకె రోజుల తరబడి 60 దాటి ఉంటే గాలి ఎక్కువ ఆడించండి. ఆడించినా తగ్గకపోతే ఫ్యాన్ సరిగా లాగుతోందో లేదో చూడాలి.

బిల్లులో ఎంత కనబడుతుంది?

చిమ్నీ, కిటికీలు, ఫ్లోర్ అన్నీ చేసినా ఏడాదికి వందో, నూట నలభయ్యో పౌండ్లు. సామాను ఖర్చు రెండు చలికాలాల్లోపే వచ్చేస్తుంది, అందుకే గోడలకి ఇన్సులేషన్ కన్నా ముందు ఇది చేయమంటారు. కానీ అసలు ఆదా ఇంకోచోట దొరుకుతుంది. కాళ్ల మీద చలిగాలి ఆడని గదిలో 19 డిగ్రీలు కూడా అంతకుముందు 21 ఉన్నంత హాయిగా ఉంటుంది. బయట సగటున 7, లోపల 20 ఉన్నప్పుడు తేడా 13 డిగ్రీలు. థర్మోస్టాట్ ఒక్క డిగ్రీ దించితే హీటింగ్‌లో పదమూడో వంతు మిగులుతుంది. మామూలు ఇల్లు ఏడాదికి 11,500 యూనిట్ల గ్యాస్ వాడుతుందని ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2023లో లెక్కేసింది. అందులో వేడినీళ్లు, వంట తీసేసినా ఒక్క డిగ్రీకి వందల యూనిట్లు మిగులుతాయి.

కరెంటు హీటర్ల మీద నడిచే ఫ్లాట్లలో పై లెక్కలన్నిటినీ దాదాపు నాలుగుతో హెచ్చవేయాలి, కరెంటు యూనిట్ ధర గ్యాస్ కన్నా అంత ఎక్కువ. అలాగని గత పదేళ్లలో కట్టిన కొత్త ఫ్లాట్‌లో ఉంటూ స్ట్రిప్పులు కొనడం దండగ, అవి ముందే బిగుతుగా ఉంటాయి.

అద్దెకున్నవాళ్లు ఓనర్‌ని అడగకుండా చేయగలిగినవీ ఉన్నాయి: తలుపు అడుగున పెట్టే గుడ్డ దిండు, చిమ్నీ బెలూన్, హెయిర్ డ్రయ్యర్‌తో సాగదీసి అద్దం ముందు అంటించే ఫిల్మ్. మేకులు, స్క్రూలు పడే పనికి ఈమెయిల్‌లో అనుమతి తీసుకోండి, డిపాజిట్ దగ్గర పేచీ రాదు. ఓనర్‌కీ ఇందులో లాభముంది. ఇంగ్లండ్, వేల్స్‌లో ఈపీసీ రేటింగ్ ‘E’ కన్నా తక్కువున్న ఇంటిని, మినహాయింపు ఉంటే తప్ప, అద్దెకివ్వకూడదు. సొంత ఇంటివాళ్లు పని కాంట్రాక్టర్‌కి ఇస్తే సామాను, కూలీ రెండిటి మీదా 2027 మార్చి దాకా వ్యాట్ సున్నా. అదే సామాను మనమే షాపులో కొంటే 20 శాతం కట్టాలి. చిన్న పనికి కూలీ ఖర్చు ఈ లాభాన్ని మింగేస్తుంది, ఇల్లంతా శాష్ కిటికీలైతే అడిగి చూడొచ్చు.

పని చేశాక ఫలితాన్ని పౌండ్లలో వెతకొద్దు. ఆఫ్‌జెమ్ ప్రైస్ క్యాప్ మూడు నెలలకోసారి మారుతుంది. అది పరిమితి పెట్టేది యూనిట్ ధరకీ, వాడినా వాడకపోయినా రోజూ పడే స్టాండింగ్ ఛార్జికీ మాత్రమే. వార్తల్లో వినబడే ఏడాది అంకె సగటు ఇంటికి వేసిన లెక్క, మీ బిల్లు అంతకు మించదని కాదు. స్టాండింగ్ ఛార్జి ఎన్ని కంతలు మూసినా తగ్గదు. స్మార్ట్ మీటర్‌లో యూనిట్లు చూడండి, అదీ ఒకేలాంటి చలి ఉన్న వారాలను పక్కపక్కన పెట్టి. పనికి ముందు బయట సగటున 5 డిగ్రీలున్న వారంలో ఎన్ని యూనిట్లు కాలాయో రాసిపెట్టుకుంటే, తర్వాత మళ్లీ అలాంటి వారం వచ్చినప్పుడు థర్మోస్టాట్ అదే అంకె మీద ఉంచి పోల్చుకోవచ్చు.